ఊరు దాటని ఇంజను

రైలు ఇంజను అనగానే మనస్సునకు తోచునది దూరదేశములకు పరుగులిడు మహాయంత్రము. అది అర్ధరాత్రమున కూతవేయుచు ఊళ్లను దాటిపోవును. నదులపై వంతెనలు దద్దరిల్ల సాగిపోవును. దానిని చూచి పిల్లలు చేతులూపుదురు. పొలములో కలుపుతీయు రైతు నడుమెత్తి ఒకమారు చూచును. కాని రైలులోకములో మఱియొక జాతి ఇంజను కలదు. అది ఏ యూరికిని పోదు. దానికి ప్రయాణికులు లేరు. కాలపట్టికలో చోటు లేదు. కర్మాగారపు ఆవరణములో కొద్ది కిలోమీటర్ల పట్టాలపై ఉదయమునుండి మఱునాటి ఉదయము వఱకు ముందునకును వెనుకకును నడచుచుండును. గానుగెద్దు దినమంతయు నడచినను ఉన్నచోటనే యుండును; అయినను ఊరివారి దీపములలో నూనె దాని నడకవలన వచ్చినదే. షంటింగు ఇంజను బ్రతుకును అట్టిదే.

దక్షిణ తెలంగాణములో నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు మెట్టప్రాంతములు. ఎఱ్ఱని చెలకనేలలు, బండరాళ్ల గుట్టలు, తుమ్మలు, వేపలు, వానకై ఎదురుచూచు చెఱువులు – ఇవి ఆ సీమ లక్షణములు. పెక్కుచోట్ల నేలక్రింద నున్నది గట్టి గ్రానైటురాయి. కాని నల్లగొండకు ఆగ్నేయముగా, మూసీనది వచ్చి కృష్ణలో గలియు వాడపల్లి పరిసరములలో నేలతీరు మాఱును. అచ్చటినుండి మట్టంపల్లి, మేళ్లచెఱువుల వఱకు కృష్ణ యొడ్డున సున్నపురాతి పొరలు పఱచుకొని యున్నవి. మట్టంపల్లి, మేళ్లచెఱువులు 2016లో క్రొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరినవి. సున్నపురాతిని తగినంత బంకమట్టితో గలిపి, పొడిచేసి, సుమారు 1450 డిగ్రీల వేడిమిలో కాల్చినచో గట్టి యుండలు ఏర్పడును. వానినే క్లింకరందురు. ఆ యుండలను కొంచెము జిప్సముతో చేర్చి మెత్తగా నూఱినచో సిమెంటగును. రాయి యున్నచోటనే కొలిమి పెట్టుట లాభకరము గనుక ఆ ప్రాంతమున సిమెంటు కర్మాగారములు వరుసగా వెలసినవి. వానిలో తొలుతటి వానియందు బి.వి. రాజుగారు స్థాపించిన రాశి సిమెంటు కర్మాగారమొకటి. అది 1998లో ఇండియా సిమెంట్స్ సంస్థ వశమైనది.

రాయి దగ్గఱనే దొరకినను బొగ్గు దూరమునుండి రావలెను. తయారైన సిమెంటు దూరమునకు పోవలెను. ఇన్ని వేల టన్నులను మోయుటకు లారీలు మాత్రమే చాలవు. బీబీనగరునుండి నల్లగొండ, మిర్యాలగూడ, విష్ణుపురముల మీదుగా కృష్ణను దాటి పల్నాటిలోని నడికుడికి పోవు రైలుమార్గము 1974లో మొదలిడబడి 1989 నాటికి పూర్తియైనది. ఆ మార్గము వచ్చిన పిదప కర్మాగారములకు రైలే ప్రధానమైన వాకిలి అయినది. పెద్దమార్గమునుండి చీలి కర్మాగారములోనికి పోవు పట్టాలను సైడింగు అందురు. షంటింగు ఇంజనునకు ఆ సైడింగే జన్మభూమి, కర్మభూమి.

షంటింగు అనగా నేమి? సుమారు నలుబది పెట్టెల గూడ్సుబండి స్టేషనునకు వచ్చినదనుకొందము. దానిని తెచ్చిన పెద్ద ఇంజను పెట్టెలను విడిచి మఱియొక పనికి పోవును. ఇక ఆ పెట్టెలను విడదీయవలెను. కొన్నింటిని బొగ్గు దింపుచోటికి, కొన్నింటిని బస్తాలు నింపు వేదికయొద్దకు, కొన్నింటిని తూకపు కాటాపైకి చేర్చవలెను. బ్రేకు చెడిన పెట్టెను ప్రక్కపట్టాలపైకి తప్పింపవలెను. నిండిన పెట్టెలను మరల ఒక వరుసగా కూర్చి, గొట్టములు తగిలించి, స్టేషనునకు అప్పగింపవలెను. ఈ పనికి రైల్వేవారు కొన్ని గంటల గడువు మాత్రమే యిత్తురు. గడువు మీఱినచో గంటకింత యని పెట్టెపెట్టెకును రుసుము చెల్లింపవలెను. దానిని డెమరేజి యందురు. కావున షంటింగు ఇంజను ఒకపూట మొరాయించిన ఆ నష్టము కర్మాగారపు లెక్కలలో వెంటనే కనబడును. అది చక్కగా పనిచేసిన నాళ్లలో మాత్రము దాని పేరు ఏ లెక్కలోను కనబడదు.

పూర్వము ఈ పనిని ఆవిరి ఇంజనులే చేసెడివి. కాని ఆవిరి ఇంజను నిప్పు రాజేసినంతనే కదలదు. బాయిలరులోని నీరు మరగి చాలినంత ఆవిరి పుట్టుటకు గంటలు పట్టును. పని లేనప్పుడును నిప్పును కాపాడుచుండవలెను. షంటింగు పనియో, పది నిమిషములు లాగుట, ఇరువది నిమిషములు వేచియుండుట. ఇట్టి పనికి తాకినంతనే మేల్కొను యంత్రము కావలసివచ్చినది. ఆ యంత్రమును లోకమునకిచ్చినవాడు రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు. ఆతడు 1858లో పారిసునగరమున జన్మించెను. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున తన ఇంజనును జయప్రదముగా నడపి చూపెను. 1913లో ఓడపై ఇంగ్లండునకు పోవుచు సముద్రమధ్యమున అదృశ్యుడయ్యెను. నేడు ఆతని పేరు ప్రతి పెట్రోలుబంకులోను వినబడుచున్నది. ఆ పేరుగల మనుష్యుడొకడుండెనని యెఱిగినవారు అరుదు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట అందఱెఱిగినదే. గాలిని నొక్కినకొలది వేడి పుట్టును. ఇంజను సిలిండరులో గాలిని ఆ విధముగానే మిక్కిలి గట్టిగా నొక్కుదురు. ఆ గాలి యెంతగా కాగునన్న, అందులోనికి నూనెను తుంపరగా చల్లినంతనే అది తనంతట మండును. ఆ మంట త్రోపుడుచే ముషలకము కదలును. దానివలన ఇరుసు తిరుగును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. డీజిలు ఇంజను వట్టిగా తిరుగునప్పుడే బలము పుంజుకొనును. కదలక నిలిచియున్న వందలకొలది టన్నుల పెట్టెలను దానికి సూటిగా తగిలించినచో అది ఆగిపోవును. కావున ఇంజనునకును చక్రములకును నడుమ ఒక మధ్యవర్తి యుండవలెను. రెండు విసనకఱ్ఱయంత్రములను ఎదురెదురుగా నుంచి ఒకదానిని నడపినచో, దాని గాలి తాకి రెండవదియు మెల్లగా తిరుగుట మొదలిడును. గాలికి మాఱుగా నూనెను వాడి ఈ సూత్రముపైననే ఒక యంత్రమును నిర్మించిరి. దానివలన పెట్టెలు కుదుపు లేక మెల్లగా కదలును. ఈ విషయమున మన దేశపు ఇంజనీరు మన్‌మోహన్ సూరిగారు చేసిన కృషి గణనీయమైనది. నూనెతో శక్తిని చేరవేయు ఆయన పద్ధతికి సూరి ట్రాన్స్‌మిషన్ అను పేరు వచ్చినది. ఆయనకు 1962లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము లభించినది. దుర్గాపురములోని కేంద్రీయ యంత్రశాస్త్ర పరిశోధనాలయమునకు ఆయన అధిపతియై యుండగా స్వరాజ్ ట్రాక్టరు రూపొందినది.

మన దేశమున 1944–45 సంవత్సరములలో అమెరికానుండి తెప్పించిన చిన్న డీజిలు ఇంజనులు షంటింగు పనిలో కుదురుకొన్నవి. స్వాతంత్ర్యము వచ్చినపిదప పశ్చిమ వంగదేశములోని చిత్తరంజనులో ఇంజనుల కర్మాగారము వెలసెను. 1950లో అది ఆవిరి ఇంజనులను తయారుచేయ నారంభించి 1972 వఱకు 2,351 ఇంజనులను నిర్మించెను. 1968 ప్రాంతమున అచ్చట డీజిలు ఇంజనుల నిర్మాణము మొదలైనది. 1993–94లో ఆ పనిని నిలిపివేయునాటికి 842 డీజిలు ఇంజనులు చిత్తరంజను గడప దాటినవి. వానిలో ముఖ్యమైనది డబ్ల్యు.డి.ఎస్.-4 అను తరగతి. ఈ అక్షరములలో మొదటిది పెద్దపట్టాల మార్గమునకు, రెండవది డీజిలునకు, మూడవది షంటింగునకు గుర్తు. జర్మనీలోని కీల్ నగరపు మాక్ సంస్థ నమూనాపై చేసిన ఇంజను, మూడు ఇరుసులు, ఆఱు చక్రములు, చక్రములను జతపఱచు ఉక్కుకడ్డీలు, సుమారు అఱువది టన్నుల బరువు, 600 నుండి 700 వఱకు అశ్వశక్తి – ఇది దాని స్వరూపము. రైల్వేయార్డులలోనే గాక ఉక్కు కర్మాగారములు, ఓడరేవులు, విద్యుత్కేంద్రములు మొదలగు చోట్లను ఈ తెగ ఇంజనులు కాడి మోసినవి. దీనికంటె పెద్దదైన డబ్ల్యు.డి.ఎస్.-6 తరగతిని వారణాసి కర్మాగారము నిర్మించినది. దాని శక్తి సుమారు 1,400 అశ్వశక్తి.

ఇట్టి ఇంజను దినచర్య మిగుల సామాన్యమైనది. డ్రైవరు వచ్చి మొదట దాని చుట్టును తిరిగి చూచును. నూనె కాఱుచున్నదా, బ్రేకుదిమ్మలు అరిగినవా, ఇసుకపెట్టెలు నిండియున్నవా అని పరీక్షించును. ఇంజనులో ఇసుక యేల యని కొందఱు అడుగవచ్చును. వానకు తడిసిన పట్టాపై, లేక సిమెంటుదుమ్ము మంచుతో గలిసి జిగటయైన పట్టాపై చక్రము పట్టుదప్పి ఉన్నచోటనే గిరగిర తిరుగును. అప్పుడు చక్రమునకు ముందు చిటికెడు ఇసుక రాల్చినచో పట్టు చిక్కును. ఏడువందల గుఱ్ఱముల బలమునకు గుప్పెడు ఇసుక సాయము కావలసివచ్చుట ఈ యంత్రము నేర్పు పాఠములలో నొకటి.

డ్రైవరు ఇంజనులో నుండును; కాని ఇంజనును నడపు కన్నులు క్రింద నుండును. అవి పాయింట్స్‌మన్ కన్నులు. ఆతడు పట్టాలప్రక్కను నిలిచి పగలు పచ్చ, ఎఱ్ఱ జెండాలతోను, రాత్రి దీపముతోను సైగ చేయును. నలుబది పెట్టెలను వెనుకకు నెట్టునప్పుడు చివరిపెట్టె యేమిచేయుచున్నదో డ్రైవరునకు కనబడదు. సైగయే ఆతనికి దిక్కు. పెట్టెలను కలుపునప్పుడును గాలిగొట్టములను తగిలించునప్పుడును పాయింట్స్‌మన్ రెండుపెట్టెల నడుమకు పోవలసివచ్చును. ఆ క్షణమున ఇంజను అంగుళమైనను కదలరాదు. ఆతడు వెలుపలికి వచ్చి సైగ చేయువఱకు డ్రైవరు చేయి బ్రేకుమీదనుండి తీయరాదు. ఈ నియమము పుస్తకములో వ్రాసియున్నది. కాని దానిని నిలిపియుంచునది ఇద్దఱి నడుమ నుండు నమ్మకమే. షంటింగు యార్డులో తొందరపాటువలన కాలుసేతులు పోగొట్టుకొన్నవారు, ప్రాణములు విడిచినవారు లోకమంతట కలరు. డెమరేజి గడియారము ఒకవైపు తఱుముచున్నను, "నడుమ మనిషి యున్నాడు" అన్నమాట వినబడినంతనే ఏడువందల గుఱ్ఱములు నిలిచిపోవలెను. నిలుపుట వచ్చిన డ్రైవరే నడుపుట వచ్చినవాడు.

యంత్రమునకును వార్ధక్యము తప్పదు. ప్రతిదినమును వంపులపై తిరుగుటచే చక్రముల అంచులు అరుగును. వానిని తరిమెన పట్టి మరల గుండ్రముగా చేయుదురు. తరిమెన పట్టినప్పుడెల్ల చక్రము కొంచెము చిన్నదగును. కొంతకాలమునకు ఇక తీయుటకు ఉక్కు మిగులదు. గొట్టములు చిల్లులు పడును. తీగెల తొడుగులు పెళుసెక్కును. నల్లగొండ వేసవిలో ఇనుపగదిలోని వేడికి మనిషి తాళలేనప్పుడు నూనెయడ్డులు మాత్రమెట్లు తాళును? మెకానిక్కులు దానిని విప్పి, కడిగి, అతికి, మరల నిలబెట్టుదురు. భారతీయ రైల్వేలు డీజిలు ఇంజనునకు నిర్ణయించిన ఆయుర్దాయము 36 సంవత్సరములు. కొన్ని ఇంజనులు ఆ వయసునకు ముందే పడిపోవును. కొన్ని మంచిచేతులలో బడి ఆ గడువును దాటియు పనిచేయును. మనుష్యుని ఆయువు వలెనే ఇనుము ఆయువును ఆదరణపై ఆధారపడియుండును.

అయితే వార్ధక్యము మాత్రమే దాని పనిని తీసివేయలేదు. కాలమును మాఱినది. పెట్టెలను నింపువఱకు పెద్ద ఇంజనే నిలిచియుండి మరల వానిని లాగుకొనిపోవు 'ఇంజన్ ఆన్ లోడ్' అను పద్ధతి వచ్చినది. పెద్దమార్గములపై విద్యుత్తీగెలు సాగినవి. చిత్తరంజను డీజిలు ఇంజనుల నిర్మాణము మానినది గనుక పాతభాగములు దొరకుట కష్టమైనది. మఱియొకవైపు సరకు మాత్రము తగ్గలేదు. దామరచెర్ల మండలములోని వీర్లపాలెము వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి ఉష్ణవిద్యుత్కేంద్రమును నిర్మించిరి. అట్టి కేంద్రములకు బొగ్గు రైలుపెట్టెలలోనే రావలెను. పని పెరిగినను పాత పనివానికి చోటు లేకపోవుట లోకములో క్రొత్త కాదు.

తుదకు ఒకదినమున ఇంజనును సైడింగు చివరి పట్టాపై నిలిపి చక్రములక్రింద చెక్కలు పెట్టుదురు. అది యిక కదలదు. వర్షములకు రంగు వెలియును. పట్టాలనడుమ గడ్డి మొలచి దాని కడుపును తాకును. తరువాత తుక్కు వేలము జరుగును. 1964లో ఏర్పడిన ఎం.ఎస్.టి.సి. అను ప్రభుత్వసంస్థ వంటివి ఇట్టి వేలములను ఇప్పుడు కంప్యూటరుద్వారా జరుపుచున్నవి. దాని తుదివిలువ అది చేసిన పనినిబట్టి కాక తూకమునుబట్టి నిర్ణయింపబడును.

పిమ్మట గ్యాసుకోత పనివారు వత్తురు. మొదట మిగిలిన నూనెను దింపుదురు. సీసము గల బ్యాటరీలను వేఱుపఱతురు. రాగితీగెలను, ఇత్తడిభాగములను ఊడదీయుదురు. పనికివచ్చు భాగములను ఇతర ఇంజనులకై దాచుదురు. ఆ తరువాత ఆక్సిజను మంటతో ఉక్కును కోయుదురు. ఈ పని మిగుల అపాయకరము. ఖాళీ నూనెతొట్టిలో మిగిలిన ఆవిరియే చాలును, మంట తాకిన ప్రేలుటకు. పాతరంగులనుండి విషపు పొగ వచ్చును. పాతయంత్రములలో వేడినాపుటకు చుట్టిన రాతినార ధూళి ఊపిరితిత్తులను చెఱచును. కావున కోతవానికి కంటియద్దములు, చేతితొడుగులు, ముక్కుగుడ్డ ఉండితీరవలెను. ఏఱు దాటి తెప్ప తగులబెట్టినట్లని మన పెద్దలు కృతఘ్నతను నిందింతురు. ఇంజనును కోయుట కృతఘ్నత కాకపోవచ్చును. కాని దానిని కోయు మనుష్యుని రక్షింపకపోవుట నిశ్చయముగా కృతఘ్నతయే. మంచి కర్మాగారమును దాని క్రొత్తయంత్రములచేత కాక, పాతయంత్రములను సాగనంపు తీరుచేత గుర్తింపవచ్చును.

కోసిన ఇనుము ఎచ్చటికి పోవును? ఒకప్పటి మహబూబునగరు జిల్లాలోని కొత్తూరు, షాద్‌నగరు ప్రాంతములలో ఇనుమును కరగించి కడ్డీలు సాగదీయు కర్మాగారములు కలవు. విద్యుత్కొలిమిలో తుక్కు ఎఱ్ఱని ద్రవమగును. పాత ఇనుము, విఱిగిన నాగటికఱ్ఱు, మూలబడిన ఇంజను – కొలిమిలో వీనికి భేదము లేదు. ఒక టన్ను తుక్కును కరగించి ఉక్కు చేసినచో సుమారు టన్నున్నర ముడి ఇనుపరాయిని త్రవ్వు శ్రమ తప్పును. బొగ్గు ఖర్చును ఎంతయో తగ్గును. అందుచే తుక్కు అనుమాట నిందావాచకము కారాదు. అది ఉక్కు పడు విశ్రాంతి మాత్రమే.

కొలిమినుండి వెలువడు కడ్డీలు ఇండ్లకును, బడులకును, కాలువల తూములకును, వంతెనలకును పోవును. కడ్డీలను పేర్చి కట్టి వానిచుట్టును పోయునది సిమెంటుకాంక్రీటు. తన జీవితమంతయు సిమెంటుబస్తాలను లాగిన ఇనుము తుదకు సిమెంటునడుమనే నిలిచిపోవుట జరుగవచ్చును. అప్పుడు దానికి నడక లేదు. మోత మాత్రము ఉండును. పైకప్పు క్రింద పిల్లలు చదువుకొనుచుండగా, ఆ కప్పును మోయు కడ్డీ పూర్వజన్మమున ఏమి చేసెనో ఎవ్వరికిని తెలియదు.

కొన్ని ఇంజనులకు ఇట్టి పునర్జన్మ లేదు. వానిని ఉన్నరూపముననే నిలిపిరి. ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాల 1977లో ఏర్పడినది. అందు రాజుల పెట్టెలు, ప్రసిద్ధికెక్కిన ఆవిరి ఇంజనులు భద్రముగా నున్నవి. పేరున్నవానిని దాచుట సులభము. పేరులేక పాటుపడినవానిలో ఒకటి రెంటినైనను దాచినగాని చరిత్ర సమగ్రము కాదు. అన్ని ఇంజనులను దాచుటకు చోటు లేదు. కాని వాని పుట్టినచోటు, చేసిన పని, నడపినవారి అనుభవములు ఒక పుస్తకములో వ్రాసియుంచుటకు పెద్ద చోటు అక్కఱలేదు. సైడింగులలో పనిచేసి విశ్రాంతి తీసికొన్న డ్రైవర్లు, పాయింట్స్‌మన్లు ఊళ్లలో ఇంకను ఉన్నారు. వారినడిగి తెలిసికొనవలసినది చాల కలదు.

పాలమూరు సీమనుండి వేలకొలది కూలీలు తరతరములుగా దేశమంతట తిరిగి ఆనకట్టలను, కాలువలను, మార్గములను నిర్మించిరి. ఆనకట్టలపై శిలాఫలకములున్నవి, రాళ్లెత్తినవారి పేర్లు వానిపై లేవు. నీరు మాత్రము ఏటేట పొలములకు పాఱుచునే యున్నది. షంటింగు ఇంజను కథయు అట్టిదే. దూరము పోయినవాడే గొప్పవాడనుకొనుట లోకస్వభావము. కాని పెద్దబండి వేళకు బయలుదేరవలెనన్న, దాని పెట్టెలను వెనుకనుండి ఎవ్వరో ఒక్కొక్కటిగా కూర్చియుండవలెను. ఆ కూర్చువారిని గుర్తెఱిగి, వారి ప్రాణమునకును ముదిమికిని రక్షణ కల్పించు సంఘమే ముందునకు సాగును. తక్కినవి యెంత వేగముగా పోయినను ఎక్కడనో ఒకచోట పట్టాలు తప్పును.